చెంగమ్మత్త చేటలో నల్లమ్మలు

ఆ అమ్మాయి డబ్బా మూత తీసి, వెంటనే మొహం పక్కకు తిప్పుకుని, "సారీ మేడమ్, కొంచెం వాసనొస్తుంది. కిటికీ తెరవమంటారా?" అంది. నేను అప్పటికే డబ్బా మీదికి వంగి చూస్తున్నాను. చింతగింజంత నల్లటి పెంకుపురుగులు. కాస్త పొడుగ్గా, మెరుపు లేకుండా, మసి పూసినట్టున్నాయి. కొన్ని తీరిగ్గా నడుస్తున్నాయి, కొన్ని కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉన్నాయి. వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తున్న మా ఆయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని హాల్లోకి వచ్చి, "ఏం కాలుతోంది?" అని అడిగి, డబ్బాను చూసి, ఫ్యాను వేగం పెంచి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఏ వాసనా రాలేదు.

కరోనా రెండోసారి ఊళ్ళ మీద పడ్డప్పుడు పోయిన ముక్కు నాది. ఇంతవరకూ తిరిగి రాలేదు. డాక్టర్లు మొదట వస్తుందన్నారు, తర్వాత రావచ్చన్నారు, ఆ తర్వాత నేనే అడగడం మానేశాను. పాలు పొంగితే కంటితో చూసి దింపగలను, అడుగంటితే తెలియదు. నిన్నటి కూర ఈ రోజుకు పనికొస్తుందా లేదా అన్నది మా ఇంట్లో ఇప్పుడు ఆయన శాఖ. "మంత్రిగారూ, ఒకసారి ఇటు రండి" అని పిలుస్తాను. ఆయన గిన్నె మీదికి వంగి, పెద్ద తీర్పు చెప్పబోతున్నట్టు కళ్ళు మూసుకుని, "పారబొయ్యి" అంటాడు. ఇద్దరం నవ్వుకుంటాం. కానీ మల్లెపూలు కొని తల్లో పెట్టుకున్న రోజున నాకు నవ్వు రాదు. ఆ రోజు ఊరికే ఎవరో ఒకరి మీద విసుక్కుంటాను. ఎందుకు విసుక్కుంటున్నానో ఆయనకు తెలుసు కాబట్టి ఊరుకుంటాడు.

అమ్మాయి పేరు మౌనిక. నాయుడుపేట పిల్ల. తిరుపతిలో హాస్టల్లో ఉండి పురుగుల మీద పరిశోధన చేస్తోంది. "మన పిండి డబ్బాలో పడతాదే ఎర్రపురుగు, దానికి ఇది పెద్దమ్మ వరస మేడమ్. అంతా ఒకటే కుటుంబం. కాకపోతే దీన్ని ఎవురూ పట్టించుకోలేదు. ఎప్పుడో పాతకాలంలో ఎవరో దీని ఆకారం మాత్రం రాసి పెట్టినారు. ఏం తింటాది, యాడ గుడ్లు పెడతాది, ఎన్నాళ్ళు బతుకుతాది, ఏమీ తెలీదు" అంది. మాటల్లో పడ్డాక ఆమె పుస్తకాల తెలుగు జారిపోయి ఇంటి తెలుగు బయటికి రావడం నాకు నచ్చింది. చిత్తూరు పడమటి పల్లెల్లో తిరుగుతూ మా ఊరు చేరిందట. పాడుబడ్డ బెల్లం పొయ్యి ఒకటి కనిపిస్తే దాని రాళ్ళ సందుల్లో ఇవి దొరికాయట. పొయ్యి ఎవరిదని అడిగితే, "వాళ్ళ మనవరాలు తిరపతిలో అలిపిరికి పోయే దోవలో ఉంటాది, కథలు రాస్తాది" అని ఎవరో చెప్పారట.

ఆమె చిక్కు ఆమె చెప్పింది. ఈ పురుగు వీపు మీది పెంకులు రెండూ అతుక్కుపోయి ఉంటాయి, లోపల ఎగరడానికి పనికొచ్చే రెక్కలు లేవు. ఎక్కడ పుట్టిందో ఆ చుట్టుపక్కలే నడిచి, అక్కడే చస్తుంది. మా పొయ్యి దగ్గర ఉన్నాయి. అక్కడికి ఎంతో దూరంలో, కాలువ అవతల ఏనుగుబండ కింద కూడా ఉన్నాయి. మధ్యలో రోజుల తరబడి వెతికినా ఒక్కటి లేదు. "ఇప్పుడు ఎండింది గానీ, ఎన్నో ఏండ్లు నీళ్ళు పారిన కాల్వ. ఇవి ఎట్ట దాటినాయి మేడమ్? నువ్వు సరిగ్గా ఎతకలేదు పో అంటాడు మా సారు. ఇంగో పక్క, ఆ పొయ్యి మిందనే కొత్త రోడ్డు వస్తాండాది. కొలిచి రాళ్ళు గూడా పాతేసినారు. ఆడ పోతే ఇంగ బండ కిందవే మిగిలేది. అవి యాడి నుంచి వచ్చినాయో తెలీకుండా నేనేం రాసేది?"

ఆమె చేతులు తిప్పుతూ మాట్లాడుతుంటే నేను ఆమె వేళ్ళు చూస్తున్నాను. బొటనవేలి కొసా, చూపుడువేలి కొసా గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. నేను చూస్తున్నది గమనించి సిగ్గుపడింది. "ఎంత కడిగినా పోవు మేడమ్. పట్టుకున్నప్పుడు ఒక రసం ఇడుస్తాయి, దాని మరకలు. తోలు ఊడేదాకా అట్నే ఉంటాయి." ఆ మరకలు నాకు బాగా తెలుసు. మా చెంగమ్మత్త వేళ్ళకు ప్రతి ఏడూ ఉండేవి. ఇంట్లో అందరం అవి బెల్లం మరకలే అనుకున్నాం.

మా తాతకు చెరుకు తోటా, దాని అంచునే సొంత గానుగా ఉండేవి. నా చిన్నతనానికే ఎద్దుల గానుగ పోయి ఆయిలింజను వచ్చింది. మా నాయన పొద్దస్తమానం ఆ ఇంజను పక్కనే, చెవుల్లో దూది పెట్టుకుని, ఎవరేం చెప్పినా తల ఊపుతూ ఉండేవాడు. గానుగ నుంచి రసం గుడ్డలో వడకట్టుకుని తొట్టిలోకి పారుతుంది. తొట్టి నుంచి కొప్పెరలోకి. కొప్పెర అంటే పదిమంది పిల్లలు కూర్చోగలిగినంత వెడల్పు ఇనుప పెనం, దాని కింద నేలలోకి తవ్విన పొయ్యి. ఆరిన చెరుకు పిప్పినే పొయ్యిలోకి ఎగదోసేవాళ్ళు. పచ్చిపిప్పి పులుపు వాసన, ఎండుపిప్పి కాలే వాసన, ఇంజను పొగ, రసం తెర్లుతున్నప్పుడు వచ్చే గడ్డివాసన, అది చిక్కబడే కొద్దీ తియ్యగా మారి గొంతులోకి దిగే ఆవిరి, ఇవన్నీ కలిసి మా చలికాలం. మా అవ్వ నెత్తిన సంగటి తట్ట పెట్టుకుని వచ్చేటప్పుడు దాని వెనకే చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వాసన వచ్చేది. గెనుసుగడ్డలు, అదే చిలగడదుంపలు, దారానికి కట్టి కొప్పెరలో వేలాడదీసి ఉడికించుకుని తినేవాళ్ళం. ఇప్పుడు ఈ వాసనలన్నీ రాసుకుంటూ పోతున్నాను కానీ, నా ముక్కుకు వీటిలో ఒక్కటీ లేదు. మాటలుగా మాత్రం అన్నీ ఉన్నాయి. అట్లా ఎందుకు మిగిలాయో చెప్పడానికే ఇదంతా.

కొప్పెర దగ్గర తెడ్డు పట్టుకుని పాకం చూసేది మామూలుగా మగవాళ్ళు. మా గానుగలో మాత్రం మా నాయన చెల్లెలు చెంగమ్మత్త. పాకం చూసే మనిషి ఒక ఏడు జ్వరంతో పడుకుంటే, వచ్చేదాకా అని తెడ్డు పట్టుకుంది. ఆమె దింపిన బెల్లం మా తాత నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, "ఆయప్పకు బాగైనా ఈడికి రావద్దని సెప్పండి" అన్నాడట. అప్పటికి ఆమెకు ఇరవై నిండి ఉంటాయేమో. పొడుగు మనిషి, చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్డున దోపుకుని, ఆవిరిలో మొహం కనపడకుండా నిలబడేది. మండీలో మా బెల్లం ముద్దలు చూసి చెంగమ్మ బెల్లం అనేవాళ్ళని మా తాత వచ్చి చెబితే, వినపడనట్టు తెడ్డు తిప్పుతూనే ఉండేది. కానీ ఆ రోజు సాయంత్రం నాకు మామూలు కన్నా పెద్ద ముక్క పెట్టేది. ఆ తెడ్డు ఆమెకు ఎంత ముఖ్యమో అంత చిన్నదాన్ని నాకే అర్థమయ్యేది. ఇంట్లో మిగతా పనులన్నీ ఎవరో ఒకరు చెబితే చేసేది, అక్కడ మాత్రం ఆమె చెబితే అందరూ వినేవాళ్ళు.

ఇక పురుగుల సంగతి. ఊళ్ళో వాటిని కమురు పురుగులు అంటారు. వానలన్నీ గడిచేదాకా పొయ్యి చల్లగా ఉంటుంది కదా, ఆ ఎండు బూడిదలో, రాళ్ళ సందుల్లో, పక్కనున్న పిప్పి కుప్ప అడుగున అవి కాపురాలు పెట్టేవి. గానుగ కాలం మొదలయ్యే రోజున పొయ్యి ముట్టించే ముందు వాటిని ఎత్తి అవతల వెయ్యాల్సిందే. రసం కన్నా ముందు పొయ్యి ప్రాణమున్నదాన్ని తినకూడదు, అది మా అవ్వ చట్టం. పైగా అవి కాలితే ఆ కంపు పిప్పికీ కొప్పెరకూ పట్టుకుంటుంది. కానీ ఎత్తేది ఎవరు? ముట్టుకుంటే చాలు, వెనక భాగం పైకి లేపి రసం వదులుతాయి. కూలికొచ్చిన గట్టి మగవాళ్ళు కూడా దూరంగా జరిగి కర్రతో పొడిచేవాళ్ళు. చెంగమ్మత్త ఒక్కతే పొయ్యి నోట్లోకి నడుం దాకా దూరి, ఉత్త చేతులతో దోసిళ్ళకు దోసిళ్ళు ఎత్తి చేటలో పోసేది. నల్లమ్మలు అని పిలిచేది వాటిని. "రాండి నల్లమ్మా, రాండి, ఇల్లు మారాల" అంటూ. మొహంలో ఒక్క గీత కూడా కదిలేది కాదు. మా అవ్వ బయట నిలబడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "మా చెంగమ్మకి పురుగు మింద గూడా జాలే" అని ఊరందరికీ చెప్పుకునేది. ఆ జాలి పేరు ఎంత పాకిందంటే, పక్క గానుగల వాళ్ళు కూడా పొయ్యి ముట్టించే ముందు చెంగమ్మను పంపమని వచ్చేవాళ్ళు. ఆమె ఒక దయగల మనిషని, ఆమె చేత్తో ఎత్తిస్తే ఆ ఏడు బెల్లం బాగా తేలుతుందని ఒక నమ్మకం కూడా పుట్టేసింది.

చేట నిండాక ఇంకెవరైనా అయితే గట్టు మీద పారబోసేవాళ్ళు. ఆమె అట్లా కాదు, చేట నెత్తిన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో కాలువ దాటి ఏనుగుబండ దాకా పోయేది. ఎందుకత్తా ఇంత దూరం అని ఒకసారి కాళ్ళు నొప్పి పుట్టి ఏడ్చాను. "ఈడ్నే పోస్తే రేపటికి మళ్ళా పొయ్యిలేకే నడిసి వస్తాయి పాపా. రాత్రికి వెచ్చగుంటాదని వాటికి తెలుసు. కాల్వ దాటిస్తే ఇంగ రాలేవు" అంది. బండ కింద చేట వంచి, కొంగులో కట్టి తెచ్చిన పిప్పి రెండు గుప్పిళ్ళు వాటి పక్కన వేసేది. కొత్త ఇంటికి వెళ్ళిన వాళ్ళకు మొదటి రోజు వంట ఇబ్బంది కదా అనేది. నేను దాన్ని ఆట అనుకున్నాను. ఆమె మాత్రం ఆ మాట అన్నప్పుడు నవ్వేది కాదు.

తిరిగి వచ్చేటప్పుడు ఇంకో ఆట ఉండేది. "పాపా, ఆ పురుగు వాసన ఎట్టుండాది సెప్పు" అనేది. కంపు అత్తా అంటే ఒప్పుకునేది కాదు. "కంపంటే ఏం కంపు? సచ్చిన ఎలకా? మురిగిన గుడ్డా? నాకు సరిగ్గా సెప్పు." నేను కాలువ గట్టు మీద నిలబడి గట్టిగా ఆలోచించేదాన్ని. ఇంకు బుడ్డిలో కాలిన అగ్గిపుల్ల ముంచి తీసినట్టు ఉంది అన్నాను ఒకసారి. ఆమె నడక ఆపి, కాసేపు ఎటో చూసి, "ఆ. ఇప్పుడు కనపడింది" అంది. అదే ఆమె మెచ్చుకోలు. ఆ మాట కోసం నేను దారి పొడుగునా వాసనలకు మాటలు వెతికేదాన్ని. కొత్త చీర వాసన, వాన పడబోయే ముందు గాలి, నాయన చొక్కా, ఆవు మూతి. మామూలుగా చెబితే ఆమెకు కనపడేది కాదు. దేన్నైనా ఆమెకు తెలిసిన మరో దానితో కలిపి చెబితేనే కనపడేది. బళ్ళో నాకు వ్యాసాలు రాయడం నేర్పిన వాళ్ళు ఎవరూ ఇంత కష్టపెట్టలేదు.

ఆ ఆట ఎందుకో తెలిసింది ఒక ఆదివారం. రసం వడకట్టే గుడ్డను సాయంత్రం ఉతికి, మడిచి, వెచ్చగా ఉంటుందని పొయ్యి గట్టు మీద ఆరవేసేవాళ్ళు. ఆ రాత్రి పిప్పి కుప్పలో మిగిలిపోయిన నల్లమ్మలు ఆ మడతల్లోకి చేరాయి. పొద్దున చెంగమ్మత్త గుడ్డ తీసి దులిపింది, పురుగులు రాలాయి, కొన్ని నలిగాయి, అంతే అనుకుని గుడ్డ తొట్టికి కట్టేసింది. ఇంకెవరైనా అయితే ఆ గుడ్డను ముక్కు దగ్గరికి కూడా రానిచ్చేవాళ్ళు కాదు. ఇంజను పొగలో ఉన్న వాళ్ళకు ఏమీ తెలియలేదు. నేను సంగటి తిని గెనుసుగడ్డ కోసం వచ్చేసరికి కొప్పెర సగం మరిగి ఉంది. ఆవిరి మొహానికి తగిలింది. "అత్తా, బెల్లం నల్లమ్మ వాసనొస్తాండాది" అన్నాను.

తెడ్డు ఆగిపోయింది. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. కోపం కాదు, భయం. ఆమెకు భయమనేది ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. అంతలో మా తాత సున్నం డబ్బా తీసుకుని అటే వచ్చాడు. రసం తేటపడటానికి కొప్పెరలో సున్నం వేసే పని ఆయనది. దగ్గరికి రాగానే ఆయన ముక్కుపుటాలు కదిలాయి. తెడ్డు అంచున ఉన్న పాకం వేలితో తీసి నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. కూతురి మొహంలోకి చూశాడు.

"నీకు రాలేదా?"

"రాదు నాయనా" అంది చెంగమ్మత్త. "ఎప్పుడూ రాదు. సిన్నప్పుడు నాకు అమ్మవారు పోసిందే, అప్పటాల్నించి."

"ఏ వాసనా?"

"ఏ వాసనా."

మా అవ్వ చెప్పుకుంటూ తిరిగిన జాలి, పక్క గానుగల వాళ్ళ నమ్మకం, అన్నీ ఆ ఒక్క మాటకు కింద పడ్డాయి. ఆమె తెడ్డు తీసి గుంజకు ఆనించి పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. ఇక ఈ పని నాది కాదు అని ఆమె అంతకన్నా స్పష్టంగా చెప్పనవసరం లేదు. పాకం వాసన తెలియని మనిషిని కొప్పెర దగ్గర నిలబెట్టారని మండీలో తెలిస్తే ఆ బెల్లాన్ని ముట్టేవాళ్ళు ఉండరు. నాకు అవన్నీ అప్పుడు తెలియవు. ఆమె తెడ్డు వదిలెయ్యడం చూసి ఏడుపొచ్చింది, అంతే.

మా తాత ఇంజను వైపు తిరిగి, అందరికీ వినపడేటట్టు, "ఈ కొప్పెర దింపి ఆవులకి పెట్టండప్పా. సున్నం ఎక్కువ పడింది, నేనే ఏసినాను" అని అరిచాడు. మూత కూడా తీయని సున్నం డబ్బా ఇంకా ఆయన చేతిలోనే ఉంది. తర్వాత పిప్పి కుప్ప మీద కూర్చుని బీడీ ముట్టించుకుని, చివరిదాకా కాల్చాడు. మా తాత మాటకు కఠినమైన మనిషి. సంగటిలో ఉప్పు తక్కువైతే గిన్నె తోసేసి లేచిపోయే రకం. ఆ రోజు ఏమంటాడోనని నేను అత్త చీర పట్టుకుని నిలబడ్డాను. ఆయన లేచి వచ్చి, గుంజకు ఆనించిన తెడ్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇన్నేండ్లు ఏ ముక్కుతో వండినావో, ఆ ముక్కుతోనే వండు" అన్నాడు. నా వైపు తిరిగి, "పాపా, బడి ఇడస్తానే నేరుగా ఈడికి రా. మీ అత్త పక్కన కూసో. ఏ వాసన వచ్చినా ఆమెకే సెప్పు, ఇంగెవురికీ సెప్పొద్దు" అన్నాడు. ఆ మాటతో ఆ సంగతి మా ముగ్గురిదీ అయిపోయింది. మా అవ్వకు కూడా చెప్పలేదు. ఆమె బతికున్నన్నాళ్ళూ కూతురి జాలిగుండె గురించి చెప్పుకుంటూనే ఉంది, మేము తలలు ఊపుతూనే ఉన్నాం.

మరి ఇన్నాళ్ళూ పాకం ఎట్లా తెలిసిందత్తా అని అడిగాను ఆ తర్వాత. "సప్పుడు" అంది. నా తల కొప్పెర వైపు వంచి కళ్ళు మూసుకోమంది. మొదట గలగలా తెర్లే రసం, తర్వాత బరువెక్కి గుబగుబమనే బుడగలు, ఇక చివర్లో సంగటి ఉడికేటప్పుడు వచ్చే చప్పుడు లాంటిది, తెడ్డుకు తగిలే బరువు, చన్నీళ్ళలో వేసిన చుక్క వేళ్ళ మధ్య ఉండ కట్టే తీరు. అన్నీ వినపడేవీ, చేతికి తగిలేవీ. లేనిదాన్ని తలుచుకుంటూ కూర్చోకుండా ఉన్నవాటినే గట్టిగా పట్టుకుంది. పొరపాటు వచ్చేది కొప్పెరలో బయటిది ఏదైనా పడ్డప్పుడే, దానికి నేను ఉన్నాను. ఆ కాలమంతా బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, పలక పక్కన పడేసి, ఆవిరిలో మొహం పెట్టి, "గడ్డివాసన పోలేదత్తా", "వేయించిన చెనిక్కాయల వాసనకు తిరిగింది" అని చెబుతూ కూర్చున్నాను. నాకు ఆ వయసులో అంతకన్నా పెద్ద ఉద్యోగం ఇంకోటి ఉంటుందనిపించలేదు. ఆ తర్వాత నాకు నిజంగా ఉద్యోగం వచ్చింది, పదవీ విరమణ కూడా అయింది, ఆ అభిప్రాయం మారలేదు.

ఆమెకు పుంగనూరు పక్క సంబంధం కుదిరినప్పుడు, పెళ్ళిచూపుల్లో కూడా మా అవ్వ పురుగుల కథ మొదలుపెట్టింది. చెంగమ్మత్త తల దించుకుని వింది. పెళ్ళయిన రోజే మామకు నిజం చెప్పేసిందట. ఆ మాట ఆమే నాతో చెప్పింది, చెబుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన, "మా ఇంట్లో మేకపోతులుండాయి. దేవుడు సూసే పంపినాడు" అన్నాడట. మంచి మనిషి. ఆమె వెళ్ళిపోయాక మా గానుగలో పాకం చూడటానికి మళ్ళీ బయటి మనిషిని పెట్టారు. కమురు పురుగులను ఎత్తే పని కర్రలకు పోయింది. తర్వాత చెరుకే పోయింది. మా తాత తర్వాత మా నాయన మామిడి పెట్టాడు. ఇప్పుడు అంగట్లో బంగారం రంగు బెల్లం అట్టపెట్టెల్లో దొరుకుతుంది. మా ఆయన దాన్ని వాసన చూసి, ఏమీ లేదు అంటాడు. ఆయనకే ఏమీ లేనప్పుడు ఇందులో నాకు పోయిందేమీ లేదులే అనుకుంటాను.

చెంగమ్మత్త కరోనాకు ముందే పోయింది. నాకు ముక్కు పోయిందని తెలిసిన రోజు, మొట్టమొదట ఆమెకు ఫోన్ చెయ్యాలనిపించింది. ఆమె లేదని గుర్తొచ్చింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఎట్లా గడిపావత్తా, ఇంత కాలం, ఎవరికీ చెప్పకుండా, అని అడగడానికి లోకంలో నాకు ఒక్క మనిషి ఉండేది, ఆ మనిషి దాటిపోయాక ఈ ప్రశ్న వచ్చింది.

ఇదంతా మౌనికకు చెప్పాను. ఇంత వరసగా కాదు, కాఫీ చల్లారేదాకా, అటూ ఇటూ పోతూ. చేట నెత్తిన పెట్టుకుని కాలువ దాటడం దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల రాసుకోవడం ఆపేసింది. "మేడమ్" అంది, "అమ్మా" అని దిద్దుకుంది. "అంటే బండ కింద ఉండేవి..." డబ్బాలోకి చూసింది. నేనూ చూశాను. ఎగరలేవు కదా. నీళ్ళు దాటలేవు కదా. ఆ బండ కింద ఈ రోజు నడుస్తున్న ప్రతి ఒక్కటీ మా చెంగమ్మత్త చేట దిగినదాని సంతానమే.

తర్వాతి వారం ఇద్దరం కారు మాట్లాడుకుని మా ఊరు వెళ్ళాం. మా ఆయన రానన్నాడు, ఆ వాసన ఒక జన్మకు ఒకసారి చాలన్నాడు. పొయ్యి ఉన్న చోట ఏమీ లేదు. ముందు రోజే జేసీబీ వచ్చి వెళ్ళిందట. ఎర్రమట్టి, చక్రాల జాడలు, నల్లగా కాలిన రాళ్ళు ఒక పక్క కుప్పగా. మౌనిక ఆ కుప్పలో రాళ్ళు తిప్పి తిప్పి చూసి, ఏమీ దొరక్క, చేతులు దులుపుకుని నిలబడింది. నాకు ఆమె భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది, వేశాను. కాలువలో ఇప్పుడు చెంబెడు నీళ్ళు లేవు, సర్కారు తుమ్మ పెరిగింది. ముళ్ళు తప్పించుకుంటూ దాటాం. ఆ దారి నా కాళ్ళకు గుర్తుంది, అప్పుడు దూరమనిపించి ఏడ్చిన దారి ఇప్పుడు కూడా నిజంగానే దూరంగా ఉంది.

ఏనుగుబండ అట్లాగే ఉంది. మౌనిక మోకాళ్ళ మీద కూర్చుని అడుగున ఉన్న పలకరాయి ఒకటి పక్కకు జరిపింది. ఉన్నాయి. వెలుగు తగిలి కొన్ని నీడలోకి నడిచాయి, కొన్ని చచ్చినట్టు పడుకున్నాయి. నేను పక్కనే చతికిలబడి చెయ్యి పెట్టాను. "వద్దమ్మా, మరకవుతాది, వాసన నాల్రోజులు పోదు" అంది మౌనిక. ఒకటి నా అరచేతిలోకి ఎక్కింది. తొందర లేకుండా, ప్రతి కాలూ ఆనించి చూసుకుంటూ నడిచింది. మధ్యలో ఆగి వెనక భాగం పైకి లేపింది. మౌనిక మొహం పక్కకు తిప్పుకుంది.

"ఎట్టుండాది పాపా వాసన?" అని అడిగాను.

"సెడ్డ వాసనమ్మా."

"సెడ్డదంటే ఏం సెడ్డ? నాకు సరిగ్గా సెప్పు."

ఆమె నా వైపు చూసింది. ఎందుకు అడుగుతున్నానో అర్థమైనట్టుంది, మళ్ళీ నా చేతి మీదికి వంగి, ఈసారి మొహం తిప్పుకోకుండా గట్టిగా పీల్చింది. చాలాసేపు ఆలోచించింది. "మా నాయన లారీ తోలతాడమ్మా" అంది చివరికి. "వారానికి ఒక్కసారి ఇంటికొస్తాడు. మెట్ల మింద కూసోని చొక్కా ఇప్పతాడు. అప్పుడు వేడెక్కిన టైరు వాసన, డీజిలు వాసన వస్తాది సూడండి. నేను పరిగెత్తి పోయి పట్టుకుంటాను. ఆ చొక్కా మింద ఎవరో ఆస్పత్రిలో గాయానికి పూసే టింక్చరు ఒలకబోస్తే ఎట్టుంటాది, అట్టుండాదమ్మా."

నేను కళ్ళు మూసుకున్నాను. పురుగు నా మణికట్టు దాకా నడిచింది.

"ఆ" అన్నాను. "ఇప్పుడు కనపడింది."